డయాలసిస్ చేయించుకునే మామయ్యకు 'బలం బాటిల్' ఎక్కించవచ్చా?

ప్రశ్న: మాది ఉద్దానంలో ఒక పల్లె. మా మామయ్యకు 62 ఏళ్లు. కిడ్నీలు పాడై ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. షుగర్ లేదు, బీపీ ఉంది. రెండు నెలలుగా తిండి బాగా తగ్గిపోయింది. నోరంతా చేదుగా ఉందంటారు. ఉదయం రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం నాలుగు ముద్దలు మజ్జిగన్నం, రాత్రి కాసిని పాలూ ఒక బన్నూ, అంతే. కిడ్నీ జబ్బు కదా అని పప్పు, గుడ్డు, చేప ఎప్పుడో మాన్పించేశాం. డయాలసిస్ అయ్యాక 52 కిలోలు తూగే మనిషి ఇప్పుడు 48కి వచ్చారు. రక్తపరీక్షలో అల్బుమిన్ అనే ప్రోటీన్ 2.9 మాత్రమే ఉంది. డయాలసిస్ జరిగేటప్పుడు అమైనో యాసిడ్ బాటిల్ పెట్టించే ఆలోచన ఉందని డాక్టరుగారు అన్నారు. మా ఊరి ఆర్‌ఎంపీ మాత్రం 'అదే బాటిల్ ఇంట్లోనే ఎక్కిస్తాను, గంటలో అయిపోతుంది' అంటున్నారు. మా మరిది రెండు బాటిళ్లు కొనుక్కొచ్చేశాడు కూడా. 7 శాతం, 200 మిల్లీలీటర్లు అని రాసి ఉంది. మూడు వారాలుగా వంటింటి కిటికీలో ఉన్నాయి. ఎక్కించవచ్చా? ప్రమాదమేమైనా ఉందా?

సమాధానం: అమ్మా, అన్నిటికంటే ముందు ఒక్క మాట. ఆ బాటిల్‌ని ఇంట్లో ఎక్కించనివ్వకండి. గంటలో అసలు వద్దు. డాక్టరుగారు చెప్పినట్టు డయాలసిస్ గదిలో, నాలుగు గంటల పాటు నెమ్మదిగా ఎక్కించడం వేరే సంగతి. దాన్ని నేను కాదనను. అయితే దానికంటే ముందు చేయాల్సినవి మీ ఇంట్లోనే కొన్ని ఉన్నాయి, వాటి గురించే ఎక్కువ చెప్తాను. నేను చాలా ఏళ్లు ఆసుపత్రిలో రోగుల ఆహారం చూసే డైటీషియన్‌గా పనిచేశాను. మీలాంటి ఇళ్లవాళ్లు ఎంత టెన్షన్ పడతారో నాకు తెలుసు. కళ్లముందు మనిషి తరిగిపోతుంటే ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. మీ మరిది బాటిళ్లు కొనుక్కురావడం కూడా ఆ ప్రేమతోనే. ఆయన్ను ఏమీ అనకండి.

ఆ బాటిల్లో ఏముందో ముందు చూద్దాం. మనం తిన్న పప్పు, గుడ్డు, చేపల్లోని ప్రోటీన్ పేగుల్లో చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. ఆ ముక్కలే అమైనో ఆమ్లాలు. వాటినే ఫ్యాక్టరీలో శుద్ధి చేసి నీళ్లలో కలిపితే ఈ బాటిల్. అంటే ఇది మందు కాదు, తిండి. 7 శాతం అంటే 100 మిల్లీలీటర్లలో 7 గ్రాములు, కాబట్టి 200 మిల్లీలీటర్ల బాటిల్లో 14 గ్రాములు. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. మొత్తం బాటిల్ కలిపితే రెండు గుడ్లకు కాస్త ఎక్కువ, అంతే. వారానికి మూడు డయాలసిస్‌లకు మూడు బాటిళ్లు పెట్టించినా 42 గ్రాములు. ఏడు గుడ్లు. రోజుకొక గుడ్డు తిన్నట్టు.

ఇప్పుడు మామయ్యకు ఎంత కావాలో చూడండి. డయాలసిస్ మీద ఉన్నవారికి కిలో బరువుకు రోజూ 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ అవసరం. 48 కిలోల మనిషికి 48 నుంచి 58 గ్రాములు. వారానికి దగ్గర దగ్గర 340 నుంచి 400 గ్రాములు. అందులో బాటిళ్లు ఇచ్చేది ఎనిమిదో వంతో, అంతకన్నా తక్కువో. పైగా అది డయాలసిస్ జరుగుతుండగా ఎక్కుతుంది కాబట్టి కొంత మిషన్ నీళ్లలోకే పోతుంది. మీరు రాసిన తిండి నేను లెక్కవేస్తే రోజుకు 20 గ్రాములు దాటడం లేదు. అటు మిషన్ కూడా ఒక్కో డయాలసిస్‌లో 6 నుంచి 12 గ్రాముల దాకా అమైనో ఆమ్లాలను రక్తంలోంచి తీసేసుకుంటుంది. లోపలికి వచ్చేది తక్కువ, బయటికి పోయేది ఎక్కువ. నాలుగు కిలోలు తగ్గారంటే తగ్గక ఏం చేస్తారు!

ఇక్కడ నాకు నిజంగా బాధ కలిగించే సంగతి ఒకటుంది. కిడ్నీ దెబ్బతింటున్న తొలిరోజుల్లో, డయాలసిస్ అవసరం రాకముందు, ప్రోటీన్ తగ్గించమని చెప్తారు. అది నిజమే. ఒకసారి డయాలసిస్ మొదలయ్యాక ఆ పథ్యం తిరగబడుతుంది, ఎక్కువ తినాలి. ఈ మారిన మాట చాలా ఇళ్లకు చేరదు. మొదట విన్న 'పప్పు వద్దు, గుడ్డు వద్దు' అలాగే ఇంట్లో ఉండిపోతుంది. వంట చేసే మనిషి భయభక్తులతో దాన్ని పాటిస్తూనే ఉంటుంది. మీరు చేసింది కూడా అదే. మీ తప్పు ఏమీ లేదు, మీకు సరిగ్గా చెప్పి ఉండాల్సింది.

అందుకని గుడ్డు మళ్లీ మొదలుపెట్టండి. రోజుకు రెండు. ఫాస్ఫరస్ ఎక్కువ ఉందని డాక్టరు చెప్పి ఉంటే పచ్చసొన తీసేసి తెల్లసొనలు మూడో నాలుగో పెట్టండి, తెల్లసొనలో ఫాస్ఫరస్ చాలా తక్కువ. మీది సముద్రం పక్క ప్రాంతం, పచ్చి చేప దొరుకుతుంది. రెండు చిన్న ముక్కల్లో 15 గ్రాముల దాకా ప్రోటీన్ వస్తుంది. పులుసులో చింతపండు, ఉప్పు తగ్గించి వండండి. ఎండుచేపలు మాత్రం వద్దు. ఆ ఉప్పుకి దాహం, ఆ దాహానికి నీళ్లు, ఆ నీళ్లకు ఆయాసం. రెండు గుడ్లు, రెండు చేప ముక్కలు ఇప్పుడు తింటున్న దానికి కలిస్తే 47 గ్రాముల దగ్గరికి వచ్చేస్తారు. చూడండి, ఒక్క బాటిల్ అవసరం లేకుండానే దాదాపు గట్టెక్కాం. ఒక్కపూటే పెట్టేయకుండా కొంచెం కొంచెంగా ఐదారుసార్లు ఇవ్వండి. డయాలసిస్ రోజున బీపీ పడిపోయే అలవాటు లేకపోతే, సెంటర్‌లో ఒప్పుకుంటే, కూర్చున్న మొదటి గంటలో ఒక ఉడకబెట్టిన గుడ్డు తినిపించండి.

ఇంకోటి, ఉద్దానం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. నీరసంగా ఉన్నారని కొబ్బరి నీళ్లు పట్టించకండి. మీ పెరట్లోనే ఉంటాయి, చుట్టాలు కూడా అదే తెచ్చి ఇస్తారు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. మూత్రం సరిగా రాని మనిషిలో అది పేరుకుపోయి గుండె లయ తప్పిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. జీడిపప్పు కూడా 'బలం' అని గుప్పెళ్లు పెట్టొద్దు.

తినబుద్ధి ఎందుకు కావడం లేదో వెతకడం తర్వాతి పని. నోరు చేదు అనేది డయాలసిస్ సరిపోవడం లేదనడానికి గుర్తు కావచ్చు. రక్తంలో మలినాలు మిగిలిపోతే మొదట పోయేది ఆకలే. నాలుగు గంటలు పూర్తిగా కూర్చుంటున్నారా, మధ్యలో లేచి వచ్చేస్తున్నారా? ఫాస్ఫరస్‌కి వేసే మాత్రలతో మలబద్ధకం వచ్చి కడుపు బిగుసుకుని ఉందా? పళ్లు కదులుతున్నాయా? రాత్రి నిద్ర పడుతోందా, దిగులుగా ఉంటున్నారా? ఒళ్లు వెచ్చబడుతోందా? ఈ చివరిది ముఖ్యం. అల్బుమిన్ 2.9 అనగానే 'ప్రోటీన్ తక్కువైంది, బాటిల్ పెట్టండి' అనుకుంటాం. ఒంట్లో ఎక్కడో ఇన్ఫెక్షన్ ఉన్నా, వాపు ఉన్నా అల్బుమిన్ పడిపోతుంది. పంటి చిగురులో చీము కావచ్చు, మెడలో డయాలసిస్ పైపు ఉంటే ఆ పైపు దగ్గర కావచ్చు. దాన్ని పట్టుకోకుండా ఎన్ని బాటిళ్లు ఎక్కించినా ఆ అంకె పెరగదు. ఇంకో పొరపాటు కూడా చూశాను. అల్బుమిన్ బాటిల్, అమైనో యాసిడ్ బాటిల్ ఒకటే అనుకుంటారు. రెండూ వేర్వేరు, పనులూ వేరు. అల్బుమిన్ బాటిల్ తిండికి బదులు కాదు.

తిండితో రాకపోతే తర్వాతి మెట్టు డయాలసిస్ రోగుల కోసం తయారు చేసిన పొడులు, పానీయాలు. అమెరికా కిడ్నీ నిపుణుల 2020 మార్గదర్శకాలు వాటిని కనీసం మూడు నెలలైనా ప్రయత్నించమంటాయి. అవి కూడా చాలకపోతే అప్పుడు నరం ద్వారా. ఈ వరుస ఊరికే పెట్టింది కాదు. ఫ్రాన్స్‌లో పోషణ తగ్గిపోయిన 186 మంది డయాలసిస్ రోగులతో ఒక పరిశోధన చేసి 2007లో ప్రచురించారు. అందరికీ నోటి ద్వారా అదనపు పోషణ ఇచ్చారు. సగం మందికి దానితోపాటు డయాలసిస్ సమయంలో నరం ద్వారా కూడా ఇచ్చారు. రెండేళ్ల తర్వాత చూస్తే మరణాల్లో రెండు గుంపులకూ తేడా లేదు. నోటితో బాగా తీసుకోగలిగిన మనిషికి బాటిల్ అదనంగా చేసేది అంతగా లేదన్నమాట.

అలాగని ఈ బాటిల్‌ని తీసిపారేయడం లేదు. పేగులు పనిచేయని మనిషికి అది ప్రాణం. 1960ల చివర్లో ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డడ్రిక్ అనే డాక్టరు, పేగులు సరిగా లేకుండా పుట్టిన ఒక పసిబిడ్డకు పూర్తిగా నరం ద్వారానే తిండి పెట్టి పెంచి చూపించాడు. అంతకుముందు అలాంటి బిడ్డలకు దారే లేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, పేగు ఆపరేషన్ వికటించినవాళ్లు ఇవాళ ఈ ద్రావణాల మీదే నిలబడుతున్నారు. మీ మామయ్య గుడ్డు తిని అరిగించుకోగలరా లేదా అన్నదే మన ప్రశ్న. అరిగించుకోగలిగితే పేగే మేలు.

ఇక ప్రమాదం సంగతి. తిన్న తిండి పేగు, కాలేయం దాటి మెల్లమెల్లగా రక్తంలోకి వస్తుంది. ఎంత తిన్నా ఒకేసారి వచ్చి పడదు. బాటిల్‌కి ఆ కాపలా లేదు. పైపు మీద వేగం మార్చే చిన్న చక్రం, అంటే రోలర్, ఎంత తెరిస్తే అంత వేగంగా వెళ్తుంది. సాధారణంగా కిలో బరువుకు గంటకు 0.1 గ్రాము దాటకూడదంటారు. 48 కిలోలకు గంటకు 4.8 గ్రాములు. 14 గ్రాములు ఎక్కడానికి కనీసం మూడు గంటలు పట్టాలి. మీ ఆర్‌ఎంపీ చెప్పినట్టు గంటలో అంటే మూడు రెట్ల వేగం.

ఆ వేగం ఏం చేస్తుందో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి చూశాను. ఒక పెద్దాయనకు బాటిల్ పెట్టి నర్సు పక్క వార్డుకి వెళ్లింది. ఆఖరి బస్సు దాటిపోతుందని కొడుకు రోలర్‌ని పైకి తోసేశాడు. చుక్కలు చుక్కలుగా పడాల్సింది ధారగా పడుతోంది. ముప్పావు గంటకు ఆ పెద్దాయన మంచం ఊగిపోయేంత వణికారు. ముఖం ఎర్రబడింది, పక్కకు తిరిగి వాంతి చేసుకున్నారు. రోలర్ మూసేసి, డాక్టరు వచ్చి చూశాక, గంటన్నరకు నెమ్మదించింది. ఆ కొడుకు మంచం కోడు పట్టుకుని ఏడవడం ఇప్పటికీ గుర్తుంది. అతనికి ఎవరూ చెప్పలేదు. 'అయిపోగానే వెళ్లిపోవచ్చు' అని మాత్రమే చెప్పారు.

వేగం మీరు స్వయంగా లెక్కపెట్టుకోవచ్చు. బాటిల్‌కి తగిలించే పైపు సెట్ కవర్ మీద మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలో రాసి ఉంటుంది. 20 అని ఉంటే, 200 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో వెళ్లడానికి నిమిషానికి 17 చుక్కలు పడాలి. మూడు గంటలకైతే 22. గడియారం చూస్తూ ఒక్క నిమిషం లెక్కపెడితే తెలిసిపోతుంది. తేడా ఉంటే రోలర్ మీరు ముట్టుకోకండి, నర్సును పిలవండి. డయాలసిస్ మిషన్ లైన్లో పంపుతో ఇస్తుంటే ఆ పంపు మీద గంటకు 50 (మిల్లీలీటర్లు) అని కనిపించాలి.

ఇంట్లో వద్దనడానికి వేగం ఒక్కటే కారణం కాదు. మామయ్యకు చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉంటే, దాని మీద వేలు పెడితే జిర్రుమని కదలిక తెలుస్తుంది కదా, అదే ఆయనకు ప్రాణాధారం. ఆ చేతికి సూది గుచ్చడం, బీపీ పట్టీ కట్టడం ఏదీ చేయనివ్వకూడదు. నరం బాగా ఉబ్బి కనిపిస్తుంది కాబట్టి తెలియనివాళ్లు సరిగ్గా దాన్నే ఎంచుకుంటారు. రెండో చేతి నరాలు కూడా దాచుకోవాలి, రేపు ఈ ఫిస్టులా మూసుకుపోతే కొత్తది అక్కడే పెట్టాలి. ఇంట్లో ఎక్కించిన 200 మిల్లీలీటర్ల నీరు మళ్లీ డయాలసిస్ దాకా ఒంట్లోనే ఉంటుంది. అమైనో ఆమ్లాలు ఖర్చయ్యాక మిగిలే యూరియా కూడా అంతే. డయాలసిస్ గదిలో అయితే నీళ్లనూ యూరియానూ మిషన్ అప్పటికప్పుడు కొంత లాగేస్తుంది. చుట్టూ నర్సులు, ఆక్సిజన్, మందులు ఉంటాయి.

శుభ్రత సంగతి చిన్నగా తీసుకోకండి. సూక్ష్మజీవులకు ఈ ద్రావణం మంచి మేత. 2011లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఒక ఫార్మసీ అమైనో ఆమ్లాల పొడితో ద్రావణం తయారు చేసి ఆసుపత్రులకు పంపింది. దానిలో సెరేషియా అనే బ్యాక్టీరియా చేరింది. 19 మందికి రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చింది, తొమ్మిది మంది చనిపోయారు. వెతికితే అదే బ్యాక్టీరియా ఆ ఫార్మసీ కుళాయిలో దొరికింది. అంత పెద్ద దేశంలో, ఫార్మసీలోనే అలా జరిగితే, కిటికీ చువ్వకు బాటిల్ వేలాడదీసి, సగం అయ్యాక 'మిగతాది రేపు' అని దాచే పద్ధతిని ఏమనాలి? ఒకసారి సూది గుచ్చిన బాటిల్‌లో మిగిలింది పారబోయాల్సిందే. అందులోకి బీ కాంప్లెక్స్, కాల్షియం, ఐరన్, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు గుచ్చి కలపడం కూడా మన దగ్గర మామూలే. కొన్ని మందులు కలిస్తే కంటికి కనిపించని రవ్వలు ఏర్పడి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటాయి. ఏది కలపవచ్చో ఆసుపత్రి ఫార్మసిస్టు చెప్పాలి, ఇంకెవరూ కాదు.

సరే, ఇవన్నీ చూశాక కూడా తిండి పెరగలేదు, డాక్టరుగారు డయాలసిస్‌లోనే పెడదామన్నారు అనుకోండి. ధైర్యంగా ఒప్పుకోండి. ముందు కొన్ని అడగండి. ఈ బాటిల్‌తోపాటు గ్లూకోజు, కొవ్వు కూడా ఇస్తారా? ఒట్టి అమైనో ఆమ్లాలే ఇస్తే, తిండి సరిపోని ఒళ్లు వాటిని కండగా మార్చకుండా వేడికి ఖర్చు చేసేస్తుంది. తలుపులకని తెచ్చిన టేకు చెక్కను పొయ్యిలో పెట్టినట్టు. 14 గ్రాములు కాలిస్తే వచ్చేది 56 క్యాలరీలే, మామయ్యకు రోజుకు 1,400 పైనే కావాలి. గ్లూకోజు కలిపితే మధ్యలోనూ, ఆపిన తర్వాత అరగంటకూ షుగర్ చూస్తారా? చాలారోజులు తినని మనిషికి ఒక్కసారిగా పోషణ ఇస్తే ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి. అందుకే ఆ పరీక్షలు ముందూ తర్వాతా చేయాలి, థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్ ముందే ఇవ్వాలి. కిడ్నీ రోగికి ఫాస్ఫరస్ పెరగడమే కదా భయం అనుకుంటాం, ఇక్కడ పడిపోయే ప్రమాదం కూడా ఉంటుంది. ఉబ్బసం ఉంటే తప్పకుండా చెప్పండి, చాలా బాటిళ్లలో సల్ఫైట్ అనే రసాయనం కలుపుతారు, కొందరికి అది పడదు. కాలేయం బాగా చెడినవాళ్లకు ఈ బాటిలే వేరు. షాపులో ఊరికే 'అమైనో యాసిడ్ ఇవ్వండి' అంటే ఏది చేతికి అందితే అది ఇస్తారు. చీటీలో ఉన్న పేరు, శాతం, పరిమాణం మూడూ సరిచూడండి.

ఎక్కుతున్నప్పుడు మీరు పక్కనుంటే ఆయన ముఖం చూస్తూ ఉండండి. వణుకు, చలి, ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, వాంతి, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా గట్టిగా నర్సును పిలవండి, ముందు బాటిల్ ఆపించండి. ఇంటికొచ్చాక జ్వరంతో చలి వచ్చినా, మాట తడబడి మత్తుగా ఉన్నా పొద్దున్న దాకా ఆగకండి.

వచ్చే డయాలసిస్‌కి వెళ్లేలోగా మూడు రోజులు మామయ్య తిన్నది, తాగింది అంతా ఒక కాగితం మీద రాయండి. ఎన్ని ముద్దలు, ఎన్ని గ్లాసులు, ఏ వేళకు అన్నీ. ఆ కాగితం డాక్టరుగారి చేతిలో పెట్టండి. సెంటర్‌కి డైటీషియన్ వస్తుంటే ఆమెకూ చూపించండి. ఆ కాగితం చూస్తేనే బాటిల్ కావాలో వద్దో వాళ్లు తేల్చగలుగుతారు.

మీ మరిది తెచ్చిన రెండు బాటిళ్లు మూడు వారాలు కిటికీలో వెలుతురుకీ, పొయ్యి వేడికీ ఉన్నాయన్నారు. ఇవి చీకట్లో, చల్లటి చోట, అట్టపెట్టెలోనే ఉండాల్సినవి. వెలుతురులోకి ఎత్తి చూస్తే తేటగా కనిపించినా సరే, లోపల చెడి ఉండవచ్చు. డయాలసిస్ గదిలోకి కూడా వాటిని తీసుకెళ్లి పెట్టించకండి. షాపువాళ్లకు కూడా తిరిగి ఇవ్వకండి, వాళ్లు ఇంకెవరికో అమ్ముతారు. ఈసారి వెళ్లినప్పుడు సెంటర్ నర్సుకు సంగతి చెప్పి, పారేయమని ఇచ్చేయండి. డబ్బు పోయిందని మరిది బాధపడితే, ఆ డబ్బుకు ఎన్ని గుడ్లు వచ్చేవో లెక్కలు చెప్పకండి. రేపటి నుంచి మామయ్యకు చేప తెచ్చే పని ఆయనకే అప్పగించండి.